లేబర్ రూమ్ డైరీ: కాన్పయ్యాక నిండే పార్టోగ్రాఫ్

జూన్, మొదటి వారం

మాది తెలంగాణలో ఓ ఏరియా ఆస్పత్రి. లేబర్ రూమ్‌లో రెండు టేబుళ్లు, పక్కనే నొప్పులతో వచ్చినవాళ్లని ఉంచే చిన్న గది, కారిడార్ దాటితే ఆపరేషన్ థియేటర్. నేనిక్కడ ఇన్‌చార్జి సిస్టర్‌ని. 'లక్ష్య' సర్టిఫికెట్‌కి రెడీ అవ్వమని పైనుంచి ఉత్తరం వచ్చింది. లేబర్ రూముల్లో, ప్రసూతి థియేటర్లలో నాణ్యత పెంచాలని 2017 డిసెంబరులో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. బయటి నుంచి అసెసర్లు వచ్చి చెక్‌లిస్టు పట్టుకుని మార్కులేస్తారు. 70 శాతం దాటితే సిల్వర్, 80 దాటితే గోల్డ్, 90 దాటితే ప్లాటినం.

ఇలాంటి ఉత్తరం వచ్చిందంటే ముందు గోడలకి రంగులు పడతాయి. పోస్టర్లకి ఫ్రేములు, రిజిస్టర్లకి కొత్త అట్టలు, కిటికీలకి పరదాలు. ఈసారి సూపరింటెండెంట్ సార్‌తో ముందే మాట్లాడుకున్నాను. రంగుల సంగతి మీరు చూసుకోండి సార్, పార్టోగ్రాఫ్ సంగతి మేం చూసుకుంటాం అన్నాను. ఒక్క కాగితం కోసం ఇంత హడావుడి ఎందుకమ్మా అన్నారు గానీ, వద్దనలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. పార్టోగ్రాఫ్ అంటే నొప్పులు ఎలా సాగుతున్నాయో చూపించే ఒక పేజీ గ్రాఫు. గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్నాక మొదలుపెడతాం. బిడ్డ గుండె చప్పుడు, తల్లి నాడి, పది నిమిషాల్లో ఎన్ని నొప్పులొచ్చాయి, ఇవి అరగంటకోసారి రాయాలి. బీపీ, లోపలి పరీక్ష నాలుగు గంటలకోసారి. గంటకి ఒక సెంటీమీటరు తెరుచుకుంటుందన్న లెక్కన ఏటవాలుగా అలర్ట్ గీత అచ్చు వేసి ఉంటుంది. దానికి కుడివైపు నాలుగు గంటల దూరంలో యాక్షన్ గీత, అంటే ఇక ఆగకుండా ఏం చేయాలో తేల్చాల్సిన హద్దు. మనం పెట్టే గుర్తులు అలర్ట్ గీత దాటి కుడివైపు జరిగాయంటే కాన్పు నెమ్మదించిందని, డాక్టర్‌ని పిలవాలని అర్థం. పెద్దాస్పత్రి దూరంగా ఉంటే బండి సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి.

గైనిక్ మేడమ్, నేను, మిడ్‌వైఫరీ ట్రైనింగ్ చేసొచ్చిన మా చిన్న సిస్టర్ ముగ్గురం కూర్చుని పాత కేస్ షీట్లు తీశాం. అన్నింట్లోనూ పార్టోగ్రాఫ్ ఉంది. విడివిడిగా చూస్తే వంక పెట్టేందుకు లేదు. వరసగా టేబుల్ మీద పరిస్తే మాత్రం తెలిసిపోతుంది. బిడ్డ గుండె చప్పుడు 140, 142, 140, 138, 140. పక్క షీటులోనూ అదే, ఆ పక్కదాంట్లోనూ అదే. ముఖద్వారం గుర్తులన్నీ అలర్ట్ గీత మీదే, స్కేలు పెట్టి వేసినట్టు. ఒకామె పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా నొప్పులు పడింది. మధ్యలో రెండింటికి డ్యూటీ మారింది. షీటులో చేతిరాత మారలేదు, పెన్ను కూడా మారలేదు.

"అక్కా, మా ఆస్పత్రిలో పుట్టే పిల్లలందరి గుండె ఒక్క తీరే కొట్టుకుంటదని రాసుకోవచ్చు" అని చిన్న సిస్టర్ నవ్వింది. కింద సంతకాలు మేడమ్‌వి. ఆమె ఒక్కో షీటూ తిప్పి చూసి పక్కన పెట్టారు, ఏమీ అనలేదు.

ఈ ప్రాజెక్టుకి లక్ష్యం ఒకే వాక్యంలో రాసుకున్నాం: పార్టోగ్రాఫ్ కాన్పుకు ముందు నిండాలి, కాన్పయ్యాక కాదు.

జూన్, మూడో వారం

ఎయిమ్స్, డబ్ల్యూహెచ్‌ఓ ఆగ్నేయాసియా ఆఫీసు కలిసి తయారుచేసిన పీఓసీక్యూఐ అనే పద్ధతి ఉంది. పనిచేసేవాళ్లే టీమ్‌గా ఏర్పడి, ఒక సమస్య పట్టుకుని, కారణం తవ్వి, చిన్న మార్పు చేసి చూసి, పనికొస్తే నిలబెట్టుకోవాలి. ఇందులో నాకు నచ్చింది 'ఎందుకు' అని అడుగుతూ పోవడం. మొదటి జవాబు దగ్గర ఆగకూడదు.

మొదటి జవాబు ఎవరినడిగినా ఒకటే, టైమ్ లేదు. అబద్ధమేం కాదు. నైట్ డ్యూటీలో ఉన్నవాళ్లే లేబర్ రూమూ చూడాలి, బాలింతల వార్డూ చూడాలి. కానీ ఖాళీగా ఉన్న మధ్యాహ్నం, ఒక్కరే తల్లి ఉన్నప్పుడు కూడా పార్టోగ్రాఫ్ తర్వాతే నిండుతోంది. అంటే టైమ్ ఒక్కటే కారణం కాదు.

రెండో జవాబు కోసం ఎవరినీ అడగలేదు, ఒక పూట ఊరికే నిలబడి చూశాను. కేస్ షీట్లు కారిడార్‌లో సిస్టర్ల టేబుల్ మీద ఉంటాయి. పార్టోగ్రాఫ్ ఉండేది షీటులో చివరి పేజీ. గడియారం గుమ్మం పైన బయటివైపు ఉంది, తల్లి పక్కన నిలబడితే కనపడదు. బిడ్డ గుండె చప్పుడు వినే డాప్లర్ మెషిన్ ఒక్కటే. అది గర్భిణుల చెకప్ ఓపీకి వెళ్లిందంటే ఒంటిగంట దాకా తిరిగి రాదు. సిస్టర్ బిడ్డ గుండె విని, గ్లవ్స్ విప్పి, బయటికొచ్చి, షీటు వెతికి, చివరి పేజీ తిప్పి రాయాలి. ఈలోపు రెండో టేబుల్ నుంచి కేక వినపడుతుంది. ఆ అంకె అరచేతి మీదో, టేప్ ముక్క మీదో, కాటన్ అట్టపెట్టె మీదో పడుతుంది.

మూడో జవాబు బయటికి రావడానికి చాలా రోజులు పట్టింది. మీటింగ్‌లో ఎవరూ చెప్పలేదు. డ్యూటీ అయ్యాక టీ తాగుతుంటే ఒక సీనియర్ సిస్టర్ అన్నది: "గీత దాటిందని నేను రెండు గంటలకు రాసిన అనుకో. డాక్టర్ నాలుగింటికి వచ్చింది అనుకో. బిడ్డకేమన్న అయితే ఆ కాగితం ఎవరిని అడుగుతది? నన్నే గదా."

అసలు విషయం ఇది. మాతృ మరణాల సమీక్ష ఎవరినీ తప్పుపట్టడానికి కాదని మార్గదర్శకాల్లో రాసి ఉంటుంది. ట్రైనింగ్‌లోనూ చెప్తారు. ఇక్కడ పనిచేసే ప్రతి సిస్టర్‌కీ మాత్రం తనకో, తన స్నేహితురాలికో వచ్చిన మెమో గుర్తుంటుంది. ఏదైనా జరిగిననాడే ఎవరైనా తెరిచి చూసే కాగితాన్ని, ఆరోజు తనని కాపాడేలాగే రాసుకుంటారు ఎవరైనా. తల్లిని గమనించడానికి పెట్టిన గ్రాఫు మా చేతుల్లో సంజాయిషీ పత్రం అయింది. చుక్కలన్నీ గీత మీద కూర్చోవడానికి కారణం ట్రైనింగ్ లేక కాదు. వీళ్లకి గీత ఏంటో బాగా తెలుసు, అందుకే దాటనివ్వడం లేదు.

జులై

సులువైనవి ముందు చేశాం. పార్టోగ్రాఫ్‌ని షీటులోంచి తీసి క్లిప్ బోర్డుకి పెట్టి, దారంతో పెన్ను కట్టి, టేబుల్ కాళ్ల వైపు తగిలించాం. రెండు టేబుళ్లకీ ఎదురుగా గోడ గడియారాలు పెట్టించాం. ఆస్పత్రి డెవలప్‌మెంట్ సొసైటీ డబ్బుతో రెండో డాప్లర్ వచ్చింది. దాని మీద 'లేబర్ రూమ్, బయటికి ఇవ్వరాదు' అని మార్కర్‌తో రాయడం మా ఆయమ్మ ఐడియా. అయినా ఓపీవాళ్లు ఒకసారి తీసుకెళ్లారు. ఆయమ్మే వెళ్లి తెచ్చింది.

ఒకేసారి అందరి మీదా రుద్దలేదు. చిన్న సిస్టర్ డ్యూటీలో, ఒక్క తల్లితో మొదలుపెట్టాం. ఆ షీటులో బిడ్డ గుండె 128, 136, 150, 132 అని వచ్చింది. మధ్యలో ఒక అరగంట ఖాళీ. ఆ ఖాళీని నింపొద్దని చెప్పాను. ఖాళీ ఉంటే ఆ అరగంట ఎవరూ చూడలేదని మనకి తెలుస్తుంది. నింపేస్తే అదీ తెలియదు.

సెంటీమీటర్ల దగ్గర చిన్న గొడవ వచ్చింది. డబ్ల్యూహెచ్‌ఓ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్ ప్రకారం చురుకైన నొప్పులు 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతాయి. అందులో ఏటవాలు అలర్ట్ గీతే లేదు, ఒక్కో సెంటీమీటరుకీ ఒక్కో గడువు ఉంటుంది. చిన్న సిస్టర్ ట్రైనింగ్‌లో అదే నేర్చుకుంది. మా దగ్గర అచ్చైన పేజీలు పాతవి, 4 నుంచి మొదలవుతాయి. గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోని తల్లులు చాలామంది మామూలుగానే కంటారన్న ఆమె మాట నిజమే. కానీ ప్రింట్ చేసి ఉన్న పేజీయే సమయానికి నింపలేని చోట కొత్త పేజీ తెస్తే అదీ కాన్పయ్యాకే నిండుతుంది. ఉన్నదానితోనే ముందు అలవాటు పడదాం అన్నాను. ఆమె ఒప్పుకుంది, మనస్ఫూర్తిగా మాత్రం కాదు.

అసలు పని భయం దగ్గర. మేడమ్‌తో విడిగా మాట్లాడాను. ఆమె ఒక నియమం పెట్టారు, అది ఫోన్ పక్కన గోడకి అతికించాం: 'అలర్ట్ గీత దాటితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఎందుకు చేశావని ఎవరూ అడగరు.' కింద ముగ్గురు డాక్టర్ల సంతకాలు. ఇంకొకటి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ మారేటప్పుడు టేబుల్ పక్కనే నిలబడి పార్టోగ్రాఫ్ పైకి చదవాలి. దిగే సిస్టర్ చదివితే, ఎక్కే సిస్టర్ విని అక్కడే తన పేరు రాస్తుంది. దాంతో ఏదో ఒకటి జరిగిననాడే తెరిచే కాగితం రోజూ నలుగురి ముందు తెరుచుకోవడం మొదలైంది. నన్నడిగితే క్లిప్ బోర్డుల కన్నా, గడియారాల కన్నా ఈ చదవడమే ఎక్కువ పనిచేసింది.

గోడ మీద నియమం ఎంత ఉన్నా, దాన్ని నమ్మాలంటే ఎవరో ఒకరు పరీక్షించి చూడాలి. సీనియర్ సిస్టర్ ఒకనాడు తెల్లవారుజామున మేడమ్‌కి ఫోన్ చేసింది. వచ్చి చూస్తే తల్లి మామూలుగానే ఉంది, గంటలో కాన్పయింది. మేడమ్ విసుక్కోలేదు. పిలిచినందుకు థ్యాంక్స్ అని షీటు మీద టైమ్ వేసి సంతకం చేసి వెళ్లారట. ఆ వారమంతా మా రూమ్‌లో ఇదే కబురు.

జులై చివర

దీంతోపాటే వచ్చిన తలనొప్పి ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, దేశం మొత్తంలో ఎక్కువ. దేశ సగటు 21.5. మన ప్రభుత్వాస్పత్రుల్లో 44.5, ప్రైవేటులో 81.5. పైవాళ్లు సిజేరియన్లు తగ్గించమంటారు. బయట అటెండెంట్లు మా పిల్ల ఓర్చుకోలేదు, ఆపరేషన్ చేసెయ్యండి అంటారు. ముహూర్తం చీటీ రాయించుకుని జేబులో పెట్టుకుని వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

థియేటర్ నోట్స్‌లో సిజేరియన్‌కి కారణం 'నొప్పులు సాగలేదు' అని ఉన్న షీట్లు విడిగా తీసి పార్టోగ్రాఫ్ చూశాం. పాతవాటిలో గ్రాఫు చక్కగా అలర్ట్ గీత మీదే సాగుతోంది. నొప్పులు సాగలేదంటే గ్రాఫు తప్పు, గ్రాఫు నిజమైతే ఆపరేషన్ అక్కర్లేదు. రెండూ ఒకే ఫైల్‌లో పిన్ను కొట్టి ఉన్నాయి, ఇన్నేళ్లుగా ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

మేడమ్‌కి ఇది చెప్పడం అంత తేలిక కాదు. ఆమె కోప్పడలేదు, రాబ్సన్ పట్టిక మొదలుపెడదాం అన్నారు. తొలి కాన్పా, పాత సిజేరియన్ ఉందా, నొప్పులు వాటంతటవే వచ్చాయా అంటూ తల్లుల్ని పది గుంపులుగా విడదీసే పద్ధతి. మా దగ్గర అన్నిటికన్నా పెద్దది ఐదో గుంపు, అంటే ముందు సిజేరియన్ అయినవాళ్లు. ఇవాళ తొలి కాన్పుకి చేసిన ఆపరేషన్ రెండేళ్ల తర్వాత ఐదో గుంపులోకి వచ్చి కూర్చుంటుంది. కాబట్టి మా చేతిలో ఉన్నది ఒకటో గుంపు, రెండో గుంపు, అంటే తొలి కాన్పులవాళ్లే. 'సాగలేదు' అని రాయాలంటే పార్టోగ్రాఫ్ చూపించాలన్న షరతు థియేటర్ చెక్‌లిస్టులో చేర్చాం.

ఆగస్టు

ఇక తోడు సంగతి. కాన్పు టైమ్‌లో తల్లి పక్కన తనకి నచ్చిన మనిషి ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వాస్పత్రుల్లో దీనికి అనుమతినిచ్చింది. పక్కన మనిషి ఉంటే మామూలు కాన్పులు పెరుగుతాయని, నొప్పుల సమయం తగ్గుతుందని, సిజేరియన్లు తగ్గుతాయని చాలా దేశాల పరిశోధనలు కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష చెప్తోంది. మా గోడ మీద 'బర్త్ కంపానియన్‌కు అనుమతి ఉంది' అన్న బోర్డు ఏళ్లుగా ఉంది. లోపలికి మాత్రం ఎవరూ రారు.

పార్టోగ్రాఫ్‌కీ దీనికీ సంబంధం ఏంటంటే, పక్కన మనిషి ఉంటే సిస్టర్ రెండో టేబుల్ దగ్గరికి వెళ్లినా తల్లి ఒంటరి కాదు. తేడా వస్తే పిలుస్తారు.

అడ్డం ఏంటని అడిగితే మొదట వచ్చింది మరుగు. రెండు టేబుళ్ల మధ్య పరదా లేదు. ఒకరి తల్లి వస్తే ఇంకొకరికి ఇబ్బంది. సరే, పట్టాలు వేయించి పరదా కట్టించాం. తర్వాత కుర్చీ లేదన్నారు, ప్లాస్టిక్ స్టూళ్లు తెచ్చాం. ఇన్‌ఫెక్షన్ అన్నారు, శుభ్రమైన గౌను, చెప్పులు పెట్టాం. అయినా గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతున్నాడు. ఎవరు ఆపమన్నారంటే నీళ్లు నములుతాడు.

బయటి బెంచీ మీద కూర్చున్న ఒక అమ్మని అడిగాను, లోపలికి రాకూడదా అని. "వద్దు సిస్టరమ్మా. నేనుంటే పిల్ల ఇంకా అరుస్తది. అరిస్తే మీరు తిడతరు. నా కండ్ల ముందు తిడితే నేనోర్వను." ఇంత మర్యాదగా మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. కోప్పడకుండా చూసుకోమని వందసార్లు ట్రైనింగులో విన్నాం. నొప్పులు పడుతున్న మనిషిని కసురుకోవడం, తొడ మీద ఒకటి వేయడం కొందరికి డ్యూటీలో భాగమైపోయింది. అలా అయితేనే గట్టిగా ముక్కుతుందని నమ్మేవాళ్లున్నారు. పక్కన ఆమె తల్లి కూర్చుని ఉంటే ఆ చెయ్యి లేవదు. తోడు వద్దనడానికి అదీ ఒక కారణమే, ఎవరూ ఒప్పుకోరు గానీ.

ఇంకో కారణం ఉంది. బిడ్డ పుట్టగానే ఆ కబురు బయటికి మోసుకెళ్లేవాళ్లకి చాయ్ పైసలు వస్తాయి. మగపిల్లాడైతే ఒక లెక్క, ఆడపిల్లైతే ఇంకో లెక్క. అమ్మమ్మ లోపలే ఉండి మనవడిని తానే చూసుకుంటే కబురు చెప్పేదేముంది? గేటు దగ్గర అడ్డు ఎందుకో అప్పుడు అర్థమైంది. ఈ సంగతి పైకి అంటే ఆయాల మీద, స్వీపర్ల మీద కంప్లైంట్ అవుతుంది, వాళ్ల ఉద్యోగాలు పోతాయి, మళ్లీ వచ్చేవాళ్లు అదే చేస్తారు. వాళ్లంతా కాంట్రాక్టరు కింద. జీతం ఏ నెలకానెల వచ్చిందే లేదు. ఇంటికి బియ్యం ఆ చాయ్ పైసలతోనే వెళ్తున్న నెలలున్నాయి. తీసుకోవడం తప్పని నేనూ అంటాను. కానీ జీతం వేళకి వేయించకుండా పోస్టర్ మీద 'డబ్బు ఇవ్వవద్దు' అని రాస్తే పని జరగదు.

సూపరింటెండెంట్ సార్ కాంట్రాక్టరు బిల్లుకి జీతాల రసీదులు జతచేయాలని పట్టుబట్టారు. రెండు నెలలుగా జీతం ముందుకన్నా వేళకి పడుతోంది. దాంతోపాటు తోడును లోపలికి తీసుకొచ్చే బాధ్యత ఆయమ్మకే ఇచ్చాం. గౌను వేయించడం, చేతులు కడిగించడం, నడుము ఎలా రుద్దాలో, నీళ్లు ఎప్పుడు తాగించాలో చూపించడం ఆమె పని. నలుగురు పిల్లల్ని కన్న మనిషి, మాకన్నా బాగా చెప్తుంది. ఆమె పేరుతో బ్యాడ్జీ కూడా చేయించాం. చాయ్ పైసలు పూర్తిగా ఆగాయని చెప్పను. గేటు మాత్రం తెరుచుకుంది.

తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి ఎక్కువగా తల్లే వస్తుంది. అత్త, తల్లి ఇద్దరూ వచ్చిననాడు ఎవరు లోపలికి అన్న పంచాయితీ గేటు దగ్గర నడుస్తుంది. మేం తీర్పు చెప్పం, నొప్పులు పడేదాన్ని అడుగుతాం. ఒకమ్మాయి ఇద్దర్నీ కాదని ఆశా అక్కని పిలిపించుకుంది.

సెప్టెంబరు

రక్తస్రావం గురించి క్లుప్తంగా. కాన్పయ్యాక ఎంత రక్తం పోయిందో మేం కంటితో చూసి రాస్తాం, ఎక్కువగా '200 మి.లీ.' అని. ఇదీ ఆ 140 లాంటిదే. 2023లో వచ్చిన ఈ-మోటివ్ పరిశోధన ఆఫ్రికాలో నాలుగు దేశాల్లో 80 ఆస్పత్రుల్లో జరిగింది. కొలతలున్న ప్లాస్టిక్ షీటు కింద పరిచి, కొలత దాటగానే చికిత్సలన్నీ ఒకేసారి ఇస్తే తీవ్రమైన రక్తస్రావమూ దాని ఫలితాలూ 60 శాతం తగ్గాయి. ఆ షీట్లు మాకు వచ్చే సరుకుల జాబితాలో లేవు. డిజిటల్ తూకం ఒకటి కొని, తడిసిన ప్యాడ్లు తూచి, పొడి ప్యాడ్ల బరువు తీసేస్తున్నాం. ఒక గ్రాము దాదాపు ఒక మి.లీ. కింద లెక్క. అంకెలు రకరకాలుగా రావడం మొదలైంది, అంటే నిజంగా కొలుస్తున్నారన్నమాట.

కాన్పయ్యాక రక్తస్రావం కాకుండా ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫార్మసీ ఫ్రిజ్‌కి తాళం, తాళంచెవి ఫార్మసిస్టు దగ్గర. అందుకని సాయంత్రమే ఆంపూల్స్ తెచ్చి ట్రేలో పెట్టుకునేవాళ్లు, ఎండాకాలంలో కూడా. చిన్న ఫ్రిజ్ వచ్చేదాకా ఐస్‌ప్యాక్‌లతో వ్యాక్సిన్ క్యారియర్ పెట్టాం. ఇది ఒక్క పూటలో తేలిపోయిన పని. ఎందుకు ఇన్నేళ్లు చేయలేదంటే, అది ఎవరి పనో ఎవరికీ తెలియక.

అక్టోబరు

లక్ష్య సన్నాహక మీటింగ్. కాన్పు వేళ చేయాల్సిన పనులకి టిక్కులు పెట్టే సేఫ్ చైల్డ్‌బర్త్ చెక్‌లిస్టు నూటికి నూరు టిక్కులతో ఉందని పొగిడారు. చెక్‌లిస్టు టిక్కుల గురించి నాకున్న అనుమానం అక్కడే చెప్పాను. ఉత్తరప్రదేశ్‌లో బెటర్‌బర్త్ అని పెద్ద ట్రయల్ జరిగింది. 120 కేంద్రాలు, లక్షన్నరకు పైగా తల్లులు, 2017లో ఫలితాలొచ్చాయి. సగం కేంద్రాల్లో ఇదే చెక్‌లిస్టు ఇచ్చి, పక్కన నిలబడి నేర్పించేవాళ్లని పంపారు. రెండు నెలలకి చేయాల్సిన పనుల్లో 72.8 శాతం జరిగాయి, మిగతా కేంద్రాల్లో 41.7. నేర్పేవాళ్లు వెళ్లిపోయాక, ఏడాదికి అది 61.7కి దిగింది. తల్లీబిడ్డల మరణాలు, తల్లులకి వచ్చే తీవ్రమైన సమస్యలు కలిపి చూస్తే రెండు వైపులా తేడా లేదు, 15.1 శాతం, 15.3 శాతం.

అయితే చెక్‌లిస్టు దండగంటావా అని ఒకాయన అడిగారు. దండగనలేదు. టిక్కు పెట్టిన తర్వాత ఏం జరుగుతుందో కూడా చూడాలన్నాను. బీపీ 160 దాటిందని టిక్కు పడింది సరే, ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఎన్ని నిమిషాల్లో పడింది? గీత దాటిందని రాశాం సరే, డాక్టర్ ఎప్పుడొచ్చారు? మా షీటులో ఫోన్ చేసిన టైమ్, డాక్టర్ వచ్చిన టైమ్ అని రెండు గడులు ఇప్పుడు పెట్టాం. రెండో గడి పెట్టడానికి డాక్టర్లు ఒప్పుకోవడమే ఈ ప్రాజెక్టులో నేను అనుకోనిది.

ఇప్పటి లెక్క అంకెలతో చెప్పను, కేసులు తక్కువ. పగటి పూట పార్టోగ్రాఫ్‌లు ఎక్కువభాగం టేబుల్ దగ్గరే, సమయానికి నిండుతున్నాయి. రకరకాల చేతిరాతలు, మధ్యలో ఖాళీలు, గీత దాటినవి కొన్ని. రాత్రివి ఇంకా నమ్మదగ్గట్టు లేవు. సమయానికి ఎన్ని నిండాయో చూపించే గోడ మీది రన్ చార్టులో పగటి గీత పైకి పోతోంది, రాత్రి గీత కిందే కొట్టుకుంటోంది.

నవంబరు

రాత్రి గీత ఎందుకు లేవట్లేదో తవ్వితే మళ్లీ అక్కడికే వచ్చాం. మాకు రాత్రి ఎనిమిది తర్వాత మత్తు డాక్టర్ లేరు. అలర్ట్ గీత దాటినా, యాక్షన్ గీత దాటినా చేయగలిగింది 108 పిలిచి జిల్లా ఆస్పత్రికి పంపడమే. పంపితే అక్కడివాళ్లు, ఇంత చిన్నదానికి ఎందుకు పంపారని ఫోన్‌లో కేకలేస్తారు. ఆలస్యంగా పంపితే ఇప్పుడా పంపేది అంటారు. ఇటు బంధువులు, మీకు చేతకాకపోతే ముందే చెప్పాల్సింది అంటారు. వీటన్నిటి మధ్య నైట్ సిస్టర్ చుక్కని గీత మీదే ఉంచి, తెల్లారేదాకా లాక్కొస్తే చాలనుకుంటుంది. పగలు మేం పెట్టిన నియమం ఆమెకి పనికిరాదు, ఎందుకంటే ఫోన్ చేస్తే మేడమ్ వచ్చినా, మత్తు డాక్టర్ లేకుండా ఆపరేషన్ చేయలేరు.

అందుకని రాత్రికి వేరే నియమం రాశాం. యాక్షన్ గీత దాకా ఆగేది లేదు. అలర్ట్ గీత దాటగానే, తల్లీబిడ్డా బాగున్నప్పుడే, పంపాలి. దారిలో గంటకు పైగా పడుతుంది, ఆ గంట చేతిలో ఉండగానే బయల్దేరాలి. పార్టోగ్రాఫ్ జిరాక్స్ రిఫరల్ చీటీకి పిన్ను కొట్టి 108లో పంపుతున్నాం. జిల్లా ఆస్పత్రి లేబర్ రూమ్ ఇన్‌చార్జి నా బ్యాచ్‌మేట్ కావడం కలిసొచ్చింది. మీ గ్రాఫు వస్తే మేం మొదట్నుంచి లెక్క మొదలుపెట్టక్కర్లేదు అంది. బండి కదలగానే ఆమె డ్యూటీ సిస్టర్‌కి ఫోన్ వెళ్తుంది. ఇది ఇద్దరు స్నేహితుల మధ్య ఏర్పాటు, ఆర్డరేం లేదు. ఆమెకి ట్రాన్స్‌ఫర్ అయితే మళ్లీ మొదలు. ఉత్తర్వు కోసం రెండు ఆస్పత్రుల సూపరింటెండెంట్లకీ లెటర్ పెట్టాం.

ట్రాన్స్‌ఫర్ అంటే గుర్తొచ్చింది. లేబర్ రూమ్ సిస్టర్లని వేరే వార్డులకి తిప్పొద్దని లక్ష్య మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా డెంగ్యూ వార్డులో మనుషులు చాలట్లేదని మిడ్‌వైఫరీ చేసిన మా చిన్న సిస్టర్‌ని అక్కడికి వేశారు. ఏడాదిన్నర ట్రైనింగ్ చేసొచ్చిన పిల్ల ఇప్పుడు ప్లేట్‌లెట్ల లిస్టు రాస్తోంది. డ్యూటీ దిగాక వచ్చి హ్యాండోవర్‌లో నిలబడి వెళ్తోంది, అది ఆమె ఇష్టం కొద్దీ. వెనక్కి పంపమని రెండుసార్లు అడిగాను, జ్వరాలు తగ్గాక చూద్దామన్నారు.

అసెసర్లు డిసెంబరులో వస్తారట. ఖాళీలున్న పార్టోగ్రాఫ్‌లకి మార్కులు పోతాయని, తెలిసినవాళ్లు ఇప్పుడే నింపేయమంటున్నారు. నింపడం లేదు. ఖాళీ ఉన్న చోట ఆ అరగంట డ్యూటీలో ఎంతమంది తల్లులున్నారో, ఎంతమంది సిస్టర్లున్నారో పక్కన ఎర్ర పెన్నుతో రాయిస్తున్నాం. రాత్రికి ఇంకో సిస్టర్ పోస్టు కావాలని పెట్టబోయే ఫైల్‌కి ఆ పేజీలే జత చేస్తున్నాం.